రెండు చేతుల మందు

మోత్కూర్ దగ్గరి ఒక పల్లెలో దుర్గయ్యకు గొర్రెల మంద ఉండేది. ఎనభై ఐదులో పట్టుకున్న కరువు మూడేళ్లయినా వదలలేదు. మేత వెతుక్కుంటూ మందను అమ్రాబాద్ అడవి దాకా తోలుకుపోయాడు. అక్కడ నోటి పుండ్ల రోగం తగిలింది. పోయేటప్పుడు రోడ్డు నిండా నడిచిన మంద, వచ్చేటప్పుడు ఒక్క చెట్టు నీడలో పట్టింది. మిగిలిన జీవాల్ని అమ్మేసి, భార్య బీరమ్మను వెంటబెట్టుకుని చౌటుప్పల్ చేరాడు. హైదరాబాదు పోయే ఆ రోడ్డు వెంబడి అప్పుడు మందుల కంపెనీలు ఒక్కొక్కటిగా లేస్తున్నాయి. వాటిలో ఒకదాని గేటు దగ్గర కావలి పని దొరికింది. అప్పటికే అతనికి యాభై దాటాయి. పిల్లలు పుట్టి నిలవలేదు కాబట్టి ఇద్దరే మనుషులు, ఒక కిరాయి గది.

గేటు నుంచి అతన్ని లోపలికి తెచ్చింది ఒక ఎలుక. మందుల్ని జంతువుల మీద పరీక్షించే గదిలోంచి తప్పించుకుని ఒకరోజు ఆ తెల్ల ఎలుక గేటు దాకా వచ్చింది. దాని వెనక ముగ్గురు చీపుర్లు పట్టుకుని ఉరికొస్తున్నారు. దుర్గయ్య కూర్చున్న చోటే వంగి అరచెయ్యి నేల మీద పెట్టాడు. ఎలుక కాసేపు మీసాలు ఆడించి, వచ్చి చేతిలోకి ఎక్కింది. మేనేజరు అది చూశాడు. వారం తిరక్కుండానే దుర్గయ్య ఖాకీ విప్పి తెల్లకోటు తొడుక్కున్నాడు.

ఆ పని అతనికి ఒంటికి పట్టింది. పంజరాల్లో రంపపు పొట్టు మార్చడం, నీళ్ల సీసాలు కడగడం, ఏది తిన్నదో ఏది తినలేదో చూడటం. గొర్రెలకు రంగు వేసినట్టే ఎలుకల వీపుల మీద పసుపు రంగు గుర్తులు పెట్టేవాళ్లు. ఆ గుర్తులు లేకపోయినా ఏది ఏదో అతను చెప్పగలిగేవాడు. సన్న గొట్టం నోట్లోకి దించి మందు పోసేటప్పుడు మిగతావాళ్ల చేతుల్లో గింజుకునే ఎలుకలు అతని చేతిలో ఊరుకునేవి.

తొంభై మూడులో జాహేదా ఆ కంపెనీకి వచ్చింది. నకిరేకల్‌లో బట్టల దుకాణం నడిపే ఖుద్దూస్ కూతురు. హైదరాబాదులో రసాయనశాస్త్రంలో డాక్టరేటు చేసింది. ముప్పై ఏళ్లు ఉంటాయేమో, మాట తక్కువ. దుర్గయ్యను మొదటిరోజే "కాకా" అంది. అతను పదిమందిలో "మేడం" అనేవాడు, ఇద్దరే ఉన్నప్పుడు "బిడ్డా" అనేవాడు.

ఆమె చేతికెత్తుకున్నది మతిమరుపు రోగానికి మందు. అందరికీ వయసుతో వచ్చే మరుపు కాదు, మెదడే మెల్లమెల్లగా ఎండిపోయే జబ్బు. దానికి అల్జీమర్స్ అని పేరు. ఆ ఏడే అమెరికాలో ఒక మందు బయటికొచ్చిందని, అది కొందరికి కొంతే పనిచేస్తుందని, పైగా లివరును తింటుందని ఆమె చెప్పింది. చెక్క గోళీలు, పుల్లలు గుచ్చి ఒక బొమ్మ తయారుచేసి బల్ల మీద పెట్టుకునేది. దుర్గయ్య పంజరాల లెక్క చెప్పడానికి పోయినప్పుడల్లా దాని వంక చూసేవాడు.

"గిదేంది బిడ్డా, బతుకమ్మ లెక్క పేర్చినవు?"

"మందు కాకా. కండ్లకు కనవడనంత చిన్నగుంటది. గిట్ల పెద్దగ చేస్తెనే నాకు తెలుస్తది."

ఆమె ఓపికగా చెప్పుకొచ్చింది. మెదడులో ఒక చోటి నుంచి ఇంకో చోటికి కబురు మోసే పదార్థం ఉంటుంది. ఈ జబ్బులో అది తరిగిపోతుంది. ఉన్న కాస్తనూ విరగ్గొట్టే ఒక ఎంజైము ఉంది. అమెరికా మందు దాన్ని ఆపుతుంది. కానీ అదొక్కటే ఆపితే సరిపోదు. ఇంకో ఎంజైము వేరే కబుర్లను విరిచేస్తూ, విరిచినచోట విషం లాంటిది మిగుల్చుతుంది. ఆ రెండింటినీ ఒకేసారి పట్టుకోవాలి.

దుర్గయ్య ఆలోచించాడు. "గొర్రెకు కడుపుల పురుగులుండి కాలు కూడా కుళ్లితే మేం రెండు మందులు ఇస్తుంటిమి. రెండు గోలీలు ఇయ్యరాదా?"

"ఇయ్యొచ్చు. గని రెండూ ఒకటే యాళ్లకు మెదడు దాక పోవు. లివరు రెండింటి బరువూ మొయ్యాలె. అందుకే ఒక్కటే మందు, దానికి ఈ దిక్కు ఒక చెయ్యి, ఆ దిక్కు ఒక చెయ్యి." బొమ్మను తిప్పి చూపించింది. రెండు కొసలు, నడుమ పొడుగాటి గొలుసు.

అప్పటినుంచి అతను దాన్ని రెండు చేతుల మందు అన్నాడు. చివరికి ఆమె కూడా అలాగే అనసాగింది.

చెప్పినంత తేలిక కాలేదు. ఒక చేతిని బలపరిస్తే రెండోది చచ్చుబడేది. నడిమి గొలుసు పొట్టిగా చేస్తే రెండో చెయ్యి అందేది కాదు. పొడుగు చేస్తే మందు నూనె ముద్దలా తయారై నీళ్లలో కరిగేది కాదు. ఒక్కో రకం వండటానికి నెల, నెలన్నర పట్టేది. రెండేళ్లలో ఇరవై మూడు రకాలు చేసింది. పదిహేడో నెంబరు ఒక్కటే గాజుగొట్టంలో రెండు ఎంజైముల్నీ ఆపింది. ఆరోజు ఆమె ఎలుకల గది దాకా నడిచొచ్చి, "కాకా, ఇగ నీ వంతు" అంది.

ఈ రెండేళ్లలో దుర్గయ్య ఇంట్లో వేరే సంగతి జరుగుతూ వచ్చింది.

బీరమ్మ మొదట ఉప్పు మరిచింది. తర్వాత కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. పక్కింటామె పేరు మరిచింది. అవేవీ దుర్గయ్య పట్టించుకోలేదు. ఒక సాయంత్రం పనినుంచి వచ్చేసరికి గడప మీద కూర్చుని, రోడ్డువంక చూస్తూ, "మంద ఇంక రాకపాయె" అంది.

"మందెక్కడిదే? పోయి ఏడేండ్లాయె."

ఆమె అతని వంక అదోలా చూసింది. ఆ చూపులో కోపం లేదు, దుఃఖం లేదు. మాట అర్థం కాని మనిషి చూపు అది.

హైదరాబాదులో పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు ఆమెను గడియారం గీయమన్నాడు, ఇవాళ ఏ వారమని అడిగాడు, మూడు మాటలు చెప్పి కాసేపాగి తిరిగి చెప్పమన్నాడు. ఆమె మూడింటికీ నవ్వింది. డాక్టరు చీటీ మీద ఏదో రాసి దుర్గయ్యతో, "దీన్ని అల్జీమర్స్ అంటారు. మందు లేదు. జాగ్రత్తగా చూసుకో" అన్నాడు.

అల్జీమర్స్ అన్న మాటను దుర్గయ్య రోజూ వింటున్నాడు. పంజరాల మీద అంటించిన కాగితాల మీద అదే మాట ఉంటుందని అతనికి తెలుసు. దవాఖాన మెట్ల మీద బీరమ్మను కూర్చోబెట్టి చీటీని జేబులో దాచుకున్నాడు.

మర్నాడు జాహేదాకు చీటీ చూపించాడు. ఆమె చదివి, మడిచి, తిరిగి ఇచ్చింది.

"జరంత నా ముసల్దానికి ఇయ్యరాదు బిడ్డా, ఆ పదిహేడు నెంబరు?"

"వద్దు కాకా. ఎలుకలకే ఇంక ఇయ్యలే. మనిషి దాక రావాలంటే పదేండ్లు."

"పదేండ్లు అది ఉంటదా?"

ఆ తర్వాత ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు. కానీ అప్పటినుంచి దుర్గయ్య ఆ ఎలుకల్ని ఇంకో రకంగా చూసుకున్నాడు. ఆదివారాలు కూడా వచ్చి పోయేవాడు.

పరీక్ష ఇలా ఉండేది. పెద్ద గుండ్రటి తొట్టిలో నీళ్లు పోసి పాలపొడి కలిపేవారు. నీళ్ల కింద, పైకి కనబడకుండా, ఒక చిన్న గద్దె. ఎలుకను వదిలితే ఈదుకుంటూ గద్దెను వెతుక్కోవాలి. నాలుగైదు రోజుల్లో మామూలు ఎలుక ఆ చోటు గుర్తుపెట్టుకుని నేరుగా పోతుంది. వీటికి ముందుగా ఒక సూది వేసేవారు. ఉమ్మెత్త లాంటి మొక్కల్లో ఉండే పదార్థం అది. ఉమ్మెత్త తిన్న గొర్రె ఎలా తిరుగుతుందో దుర్గయ్యకు తెలుసు. ఆ సూదితో ఎలుకలు నేర్చుకున్నది మరిచిపోయేవి. మందు వాటి మరుపును ఆపుతుందా లేదా అన్నదే చూడవలసింది.

సీసాలు కలిసిపోకుండా రెండు గుంపుల్ని రెండు గదుల్లో పెట్టారు. పదిహేడో నెంబరు మందు తాగే గుంపు దుర్గయ్యది. ఉత్త నీళ్లు తాగే గుంపు మారయ్య అనే ఇంకో పనివాడిది. మారయ్య చెడ్డవాడు కాదు గానీ ఎలుకల్ని తోక పట్టి లేపే రకం. పరీక్ష గదిలో మాత్రం రెండు గుంపుల్నీ నీళ్లలో వదిలేది, బయటికి తీసేది దుర్గయ్యే. జాహేదా కుర్చీలో కూర్చుని గడియారం నొక్కేది.

మూడో వారానికి ఆమె ముఖం మారింది. మారయ్య ఎలుకలు తొట్టి అంచు వెంబడి తిరిగి తిరిగి అలిసిపోతున్నాయి. దుర్గయ్య ఎలుకలు సూది వేసినా నేరుగా ఈది గద్దె ఎక్కుతున్నాయి. ఒకసారి కాదు, ప్రతిసారీ. లెక్కలు చూసిన కంపెనీ డైరెక్టరు బొంబాయి నుంచి డబ్బు పెట్టే మనుషుల్ని పిలిపిస్తానన్నాడు. వాళ్లు ఒప్పుకుంటే కుక్కల మీద, ఆ తర్వాత మనుషుల మీద పరీక్షలకు దారి పడుతుంది.

ఆ వారం దుర్గయ్య పదిహేడో నెంబరు సీసా అడుగున మిగిలిన పొడిని చిన్న కాగితంలో పొట్లం కట్టి జేబులో వేసుకున్నాడు. బతుకులో అతను చేసిన మొదటి దొంగతనం అది. ఇంటికి తెచ్చి సందుగలో బట్టల కింద పెట్టాడు. ఎంత ఇవ్వాలో తెలియదు. ఎలుక బరువుకు ఇంత, మనిషి బరువుకు ఎంత అని వేళ్ల మీద చూసుకుంటూ రెండు రోజులు గడిపాడు.

మూడోరోజు బీరమ్మ కనిపించకుండా పోయింది.

సూర్యాపేట బస్సెక్కింది. టికెట్టు లేదని, ఎక్కడికంటే చెప్పలేదని కండక్టరు నకిరేకల్‌లో దింపేశాడు. దుర్గయ్య రోడ్డు వెంబడి ఊరూరూ అడుగుతూ పోయి రెండోనాడు ఆమెను ధాన్యం మార్కెట్టులో పట్టుకున్నాడు. పల్లీల బస్తాల నడుమ కూర్చుని ఉంది. అక్కడ ఊడ్చే సుక్కమ్మ అనే ఆవిడ ఆమెకు ఇంత అన్నం పెట్టి కనిపెట్టుకుని ఉంది.

"ఎవరి కోసమని అడిగితే గొర్లు రావాలె అంటాంది. నువ్వేమైతవు?" అంది సుక్కమ్మ.

"దాని పెనిమిటిని."

బీరమ్మ అతన్ని పైనుంచి కిందికి చూసింది. "ఈనె నాకు తెల్వదు" అంది సుక్కమ్మతో, చెవిలో చెప్పినట్టు. కానీ దుర్గయ్య చెయ్యి చాపితే పట్టుకుని లేచి నిలబడింది.

ఆమెకు జ్వరం వచ్చింది. తొమ్మిది రోజులు దుర్గయ్య పనికి పోలేదు. తిరిగి పోయేసరికి జాహేదా పరీక్ష గది గుమ్మంలోనే ఎదురైంది.

"వచ్చినవా కాకా. నువ్వు లేని దినాలు అంత ఆగమైంది. మారయ్య మందు సరిగ్గ పోసిండో లేదో, మన ఎలుకలు ఒక్కటి కూడ గద్దె ఎక్కలే."

ఆరోజు దుర్గయ్య వదిలాడు. ఎలుకలు మళ్లీ నేరుగా పోయాయి. జాహేదా ఊపిరి పీల్చుకుంది. "నీ చెయ్యి మంచిది" అంది.

ఆ మాట దుర్గయ్యలో ఎక్కడో గుచ్చుకుంది. తొట్టి కడుగుతూ దాని గురించే ఆలోచించాడు. మందు అదే, సూది అదే, నీళ్లు అవే. మారింది మనిషి ఒక్కడే. గద్దె మీద నుంచి ఎలుకల్ని తీయాలి కాబట్టి తాను ఎప్పుడూ గద్దె ఉన్న దిక్కునే నిలబడతాడు.

మర్నాడు జాహేదా రాకముందే పోయి తొట్టి నింపాడు. మందు తాగే ఎలుకల్లో ఒకదానికి సూది వేసి, కాసేపు ఆగి, నీళ్లలో వదిలి తాను గద్దెకు ఎదురు దిక్కున నిలబడ్డాడు. ఎలుక మూతి ఎత్తి వాసన పట్టింది. గద్దె పక్కనుంచే పోయి, తిన్నగా అతని వైపు ఈదుకొచ్చి, తొట్టి గోడకు ముందుకాళ్లు ఆనించింది. రెండోదాన్ని వదిలి కిటికీ దగ్గరికి జరిగాడు. అది కిటికీ దిక్కుకు వచ్చింది. ఐదింటిని వదిలాడు. ఐదూ అతన్నే వెతుక్కున్నాయి.

వాటికి ఏ చోటూ గుర్తులేదు. రోజూ తిండి పెట్టి, ఒళ్లు నిమిరి, మెల్లగా మందు పోసే మనిషి వాసన ఒక్కటే వాటికి తెలుసు. మారయ్య గదిలోని ఎలుకలకు ఆ వాసన తెలియదు. అంతే తేడా.

నాలుగు రోజులు అతను ఎవరికీ చెప్పలేదు. మామూలుగానే గద్దె దిక్కున నిలబడ్డాడు, ఎలుకలు మామూలుగానే వచ్చాయి, జాహేదా గడియారం నొక్కి అంకెలు రాసుకుంది. బొంబాయి వాళ్లు వచ్చే తేదీ ఖాయమైంది. చెప్పకపోతే పని ముందుకు సాగుతుంది. సాగుతూ ఉంటే ఏదో ఒకనాటికి అసలు మందు దొరకదా అని తనకు తానే చెప్పుకున్నాడు. ఇంకో పక్క, ఐదు ఎలుకలతో నేనేం తేల్చగలను, చదువుకున్నది ఆమెనా నేనా అనుకున్నాడు.

నాలుగో సాయంత్రం సందుగ తెరిచి పొట్లం తీశాడు. గ్లాసులో నీళ్లు పోసి పొడి కలిపాడు. పొద్దు ఇంకా గూకలేదు, గడపలోంచి ఎండ పడుతోంది. బీరమ్మ చాప మీద కూర్చుని లేని దారాన్ని వడుకుతున్నట్టు వేళ్లు తిప్పుతోంది.

"నోరు తెరువు" అన్నాడు.

ఆమెకు అతనెవరో తెలియదు. పొద్దున కూడా, "ఏ ఊరయ్యా నీది?" అని అడిగింది. కానీ ఆ చెయ్యి దగ్గరికి రాగానే ఏమిటని అడగకుండా, గ్లాసువంక కూడా చూడకుండా, కళ్లు మూసుకుని నోరు తెరిచింది.

దుర్గయ్య చెయ్యి ఆగిపోయింది. ఆమె నోరు తెరుచుకునే ఉంది. అతను గ్లాసు పక్కన పెట్టి, వేరే లోటాలో మంచినీళ్లు తెచ్చి పట్టాడు. తాగింది. గ్లాసులోది బూడిద కుప్పలో పారబోసి, గ్లాసును బూడిదతోనే మూడుసార్లు తోమాడు.

మర్నాడు పొద్దున జాహేదా బల్ల ముందు నిలబడి, పొట్లం సంగతితో సహా అంతా చెప్పాడు.

ఆమె అంతా విన్నాక, "బీరమ్మకు పోసినవా?" అని అడిగింది.

"పొయ్యలే."

"మంచిపని చేసినవ్. మిగతాది చూద్దాం" అంది.

బొంబాయి వాళ్లను ఆగమన్నారు. తొట్టి చుట్టూ నల్లగుడ్డ కట్టారు. పరీక్షకు కొత్త మనిషిని పెట్టారు. ఏ పంజరంలో మందు ఉందో, ఏ పంజరంలో నీళ్లున్నాయో అతనికి చెప్పలేదు. దుర్గయ్య గది బయట స్టూలు మీద కూర్చున్నాడు. లోపల ఈత చప్పుడు వినబడేది, గడియారం చప్పుడు వినబడేది. నెలరోజులు అలా నడిచింది. చివరికి రెండు గుంపులకూ తేడా లేకుండా పోయింది. ఎలుకల మెదళ్లు తీసి పరీక్షిస్తే వాటిలో పదిహేడో నెంబరు దాదాపు లేనేలేదు. రెండు చేతులు, నడుమ గొలుసు, ఇంత పెద్ద మందు నెత్తురుకూ మెదడుకూ నడుమ ఉండే గోడ దాటలేదు. లివరులో మాత్రం కావలసినంత దొరికింది. లివర్లు పచ్చబడి ఉన్నాయి.

జాహేదా ఉన్నదున్నట్టు రిపోర్టు రాసింది. ఎలుకలకు మనిషి చెయ్యి అలవాటైన సంగతి ఒక పేరా రాసి, అది కనిపెట్టింది దుర్గయ్య అని పేరు కూడా పెట్టింది. టైపు కొట్టిన కాగితంలో ఆ పేరు లేదు. "ఒక సహాయకుడు" అని మార్చారు. గొలుసు పొట్టిగా చేసి, ఒక చేతిని చిన్నది చేసి మళ్లీ మొదలుపెడతానని ఆమె అడిగింది. డైరెక్టరు మర్యాదగానే విన్నాడు, మర్యాదగానే కాదన్నాడు. పని మూసేశారు. ఆమెను జ్వరం గోలీల నాణ్యత చూసే విభాగానికి మార్చారు.

మిగిలిన ఎలుకల్ని చంపేయాలి. అది కూడా దుర్గయ్య పనే. మత్తుమందు దూది పెట్టిన గాజుజాడీలో ఒక్కోదాన్ని దించాలి. మారయ్య, "నువ్వు బయటికి పో, నేను చేస్త" అన్నాడు. దుర్గయ్య ఒప్పుకోలేదు. "నువ్వు పట్టుకుంటే బెదురుతయి" అన్నాడు. అవి బెదరలేదు. ఒక్కొక్కటే అతని చేతిలోకి ఎక్కాయి. పొద్దుటి నుంచి పగటి భోజనం దాకా పట్టింది. ఆరోజు అతను అన్నం ముట్టలేదు.

కొన్ని నెలలకు ఆ గదులు ఖాళీచేసి డ్రమ్ములు పెట్టుకున్నారు. దుర్గయ్య మళ్లీ ఖాకీ తొడుక్కుని గేటు దగ్గరికి పోయాడు.

బీరమ్మ ఇంకో రెండేళ్లు బతికింది. బతకడమంటే, మొదట మాటలు పోయాయి. తర్వాత నడక పోయింది. ఒంటికీ రెంటికీ పసిబిడ్డను చూసుకున్నట్టు దుర్గయ్యే చూసుకున్నాడు. పనికి పోయేటప్పుడు పక్కింటి నర్సింగమ్మకు చెప్పి పోయేవాడు. చివరి నెలలో మింగడం కూడా మరిచిపోయింది. గంజి నోట్లో పోస్తే అక్కడే నిలిచేది. గొంతు కింద మెల్లగా నిమిరితే కొంత దిగేది, కొంత బయటికి వచ్చేది. తొంభై ఎనిమిది చలికాలంలో ఒక పగలు, గంజి నోట్లో ఉండగానే పోయింది. చనిపోయిందని దుర్గయ్యకు వెంటనే తెలియలేదు. ఇంకా నిమురుతూనే ఉన్నాడు.

మూడోనాడు జాహేదా వచ్చింది. చాప మీద కూర్చుని, నర్సింగమ్మ ఇచ్చిన చాయ్ తాగకుండా చేతిలో పట్టుకుంది.

"బయట కొత్త గోలీ ఒకటి వచ్చింది కాకా" అంది. "లివరును అంతగ తినదంట. కొందరికి ఏడాది దాక మరుపు పెరగకుండ ఆపుతదంట."

"తర్వాత?"

"తర్వాత అంతే. ఇగ దాంతోని కాదు."

దుర్గయ్య తలూపాడు. "దానికెన్ని చేతులు?"

"ఒకటే."

"మన పదిహేడు నెంబరు గొలుసు పొట్టిగ చేస్తే లోపటికి పోతుండెనా బిడ్డా?"

జాహేదా చాయ్ కింద పెట్టింది. "తెల్వదు కాకా. పోతుండెనేమో. పోయినా పనిచేస్తుండెనో లేదో. నా బుక్కులు బీరువల పెట్టి గోదాముల తోసిండ్రు. తాళం ఎవరి దగ్గరున్నదో నాకే తెల్వదు."

వాకిట్లో ఎవరో నీళ్లు చల్లుతున్నారు. జాహేదా లేచింది. వెళ్లేముందు అతని భుజం మీద చెయ్యి పెట్టి తీసేసింది.

పదకొండో రోజు కానిచ్చి, పన్నెండో రోజు దుర్గయ్య డ్యూటీకి పోయాడు. కంపెనీ లారీలు వరసగా ఆగి ఉన్నాయి. గేటు గొలుసు దించి, ఒక్కొక్కదాని నెంబరు రాసుకుని, లోపలికి పంపాడు.